అంజినప్ప మాస్టరు కరెంటు బెల్టు

మదనపల్లెలో కుక్కల్ని పెంచుకునే ఇళ్ళవాళ్ళు అంజినప్పను మాస్టరు అనేవాళ్ళు. ఆయన ఏ బళ్ళోనూ పాఠం చెప్పింది లేదు. చదివింది నాలుగో తరగతి, అదైనా వానలు బాగా పడి ఊరి పక్కనే మేత దొరికిన యేడాదుల్లో మాత్రమే. మేత లేని యేడాది గొర్రెలు ముందు, వాటి వెనక నాయన, నాయన వెనక అంజినప్ప, బడి అందరికంటే వెనక. అలాంటి మనిషిని గేటు తెరిచి "మాస్టరుగారూ, లోపలికి రండి" అని పిలుస్తుంటే మీసం కింద ఒక నవ్వు పుట్టేది. ఆపుకోవాలని చూసేవాడు గానీ అది ఆగే నవ్వు కాదు. ఇందులో తప్పేముంది? వాళ్ళ వంశంలో అంతవరకు ఎవరినీ ఎవరూ గారూ అని పిలిచిన పాపాన పోలేదు.

ఆయనది కురబలకోట పక్కన ఒక పల్లె. తాతల నాటి నుంచి గొర్రెలే ఆస్తి, గొర్రెలే చుట్టాలు. తొంభైల్లో వరసగా వానలు మొహం చాటేస్తే మంద తరిగిపోయింది. చివరికి మిగిలిన పన్నెండింటినీ అంగళ్ళు అనే ఊరి సంతలో అమ్మేసి, పెండ్లాం నాగమ్మను వెంటబెట్టుకుని మదనపల్లెకు వచ్చేశాడు. సొంతంగా క్లినిక్కు పెట్టుకున్న పశువుల డాక్టరు రామచంద్ర దగ్గర పని దొరికింది. సూది వేసేటప్పుడు జంతువు కదలకుండా పట్టుకోవడం, అంతే పని. అంతే అనడం తేలిక. జెర్సీ ఆవు వెనక కాలు విసిరేటప్పుడు పక్కన నిలబడిన వాడికి తెలుస్తుంది అదెంత పనో.

ఆ రోజుల్లోనే ఊళ్ళో చిన్న బొచ్చుకుక్కల మోజు మొదలైంది. ఉద్యోగస్తుల ఇళ్ళలో ఒకటి, అంగడి యజమానుల ఇళ్ళలో ఒకటి. చూడ్డానికి ముద్దుగానే ఉంటాయి, పొగరు మాత్రం ఏనుగంత. తలుపు తీస్తే రోడ్డు మీదికి పరుగు, తీయకపోతే కిటికీ ఎక్కి అరుపు. డాక్టరు చెయ్యి కరవబోయిన కుక్క కూడా అంజినప్ప చేతిలో పడేసరికి మెత్తబడేది. అది చూసి ఒకరిద్దరు, మా ఇంటికొచ్చి దీనికి నాలుగు బుద్ధులు నేర్పరాదా అని అడిగారు. మాస్టరు ఉద్యోగం అట్లా మొదలైంది.

ఆయనకు తెలిసిన విద్య ఒకటే, నాయన నేర్పింది. గొర్రెల కాపరులు మందకు అప్పుడప్పుడూ ఉప్పు పెడతారు. ఊరికే పెట్టరు. ముందు ఒక కూత వేస్తారు. ఆ కూత విని తలెత్తి దగ్గరికొచ్చిన దానికి అరచేతిలో ఉప్పు నాకిస్తారు. కొన్నాళ్ళకు కూత వినబడితే చాలు, గుట్ట అవతల మేసేవి కూడా వచ్చేస్తాయి.

"కూత ముందురా, ఉప్పు యెనక. వరస మారిస్తే గొర్రె నీ మాట వినదు" అనేవాడు నాయన.

చిన్నప్పుడొకసారి ఉప్పు పెట్టేసి ఆ తర్వాత తీరిగ్గా కూత వేసినందుకు అంజినప్ప వీపు మోగింది కూడా. ఆ వరస ఆయన ఒంట్లో ఇంకిపోయింది. కుక్కలకు ఉప్పు బదులు బిస్కెట్టు ముక్క, అంతే తేడా. పేరు పెట్టి పిలవడం, వస్తే ముక్క పెట్టడం. ఏ ఇంటి కుక్కకైనా ఇదే పాఠం, చాలావాటికి ఎక్కేది కూడా.

దూదికి ఎక్కలేదు.

దూది భారతి కుక్క. భారతి ఆస్పత్రిలో నర్సు. నలభై దాటింది, పెళ్ళి వద్దనుకుంది, ఎందుకని అడిగిన వాళ్ళకు తీరిక లేదని చెప్పేది. బెంగళూరులో పనిచేసే తమ్ముడు భరత్ ఒక పొమేరియన్ పిల్లను తెచ్చి ఒళ్ళో పెట్టినప్పుడు అది ఆమెకు డ్రెస్సింగు ట్రేలో దూది ఉండలాగే కనిపించిందట. అదే పేరయింది. డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విడిచే లోపే "దూదీ" అని దీర్ఘం తీసి పిలిచేది. సిస్టరమ్మ ఇల్లు చేరిందని వీధిలో సగంమందికి ఆ పిలుపుతోనే తెలిసేది. పగలంతా జబ్బుల మధ్య గడిపి వచ్చే మనిషికి, పిలవగానే ఎగురుకుంటూ వచ్చే నాలుగు కిలోల ప్రాణం ఇంట్లో ఉండటమంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

చిక్కల్లా గేటు దగ్గరే. ఇంటి ముందు రోడ్డు టమోటా మార్కెట్టుకు పోయే దారి. కాపు సమయంలో లారీ వెనక లారీ. గేటు సందు దొరికితే చాలు, దూది ఆ చక్రాల వెంట పడేది. బిస్కెట్టు చూపిస్తే ఒకరోజు వెనక్కి వచ్చేది, మరునాడు దానికి లారీయే రుచిగా తోచేది. రెండుసార్లు వెంట్రుకవాసిలో తప్పించుకుంది. ఆ రెండుసార్లూ భారతి రోడ్డు మధ్యలో కూలబడిపోయింది.

రెండు వేల నాలుగో సంవత్సరం ఎండాకాలంలో భరత్ ఒక చిన్న పెట్టె పంపాడు. ఆఫీసులో ఎవరో సింగపూరు నుంచి తెచ్చుకున్నదట, వాళ్ళ కుక్క పోతే ఇతనికి ఇచ్చేశారు. లోపల నల్లటి బెల్టు, బెల్టుకు అగ్గిపెట్టెంత డబ్బా, డబ్బాకు రెండు ఇనుప మొనలు, విడిగా ఒక రిమోటు. ఎట్లా వాడాలో చెప్పే కాగితం మాత్రం లేదు.

"కరెంటు బెల్టంట అంజినప్పా" అంది భారతి. "ఈడ నొక్కితే ఆడ దాని మెడకాడ తగులుతాదంట. నాకేమో భయంగా ఉండాది."

"ముందు నాకు పెట్టండమ్మా" అన్నాడు అంజినప్ప.

మణికట్టుకు చుట్టుకుని తనే నొక్కుకున్నాడు. రిమోటు మీద చక్రం ఒకటి దగ్గర పెట్టి ఒకసారి, మూడు దగ్గర పెట్టి ఇంకోసారి. "ఎర్రచీమ కుట్టినట్ల ఉండాది. ఇంతే గదా" అని నవ్వాడు. ముప్పై ఏళ్ళు మోకు లాగిన చెయ్యి అది. పైగా నొక్కేది తనే కాబట్టి ఎప్పుడు తగులుతుందో, ఎక్కడి నుంచి వస్తుందో ఆ చేతికి ముందే తెలుసు. ఈ రెండు సంగతులూ ఆ పొద్దు అక్కడున్న ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. ఆమెకు కుక్క బతికితే చాలు, ఆయనకు పాఠం ఎక్కితే చాలు.

మరునాడు పొద్దున్నే మొదలుపెట్టారు. మంద దొడ్డి దాటకుండా ఆపాలంటే కాపరి వెనక నిలబడడు, దారికి అడ్డంగా ముందు నిలబడతాడు. అంజినప్ప కూడా గేటు బయట, రోడ్డు వైపు నిలబడ్డాడు. గేటు బార్లా తెరిపించాడు. బెల్టు దూది మెడకు వదులైతే భారతి ఇంకో రంధ్రం పొడిచి బిగించింది. లారీ చప్పుడు వినబడగానే దూది ఉరికింది. అది గేటు దాటుతుండగా అంజినప్ప "దూదీ" అని గట్టిగా పిలిచి, ఆ తర్వాత రిమోటు నొక్కాడు.

కూత ముందు, ఉప్పు వెనక. చెయ్యి దానంతటదే ఆ వరసలో పోయింది. ఇక్కడ వెనక వచ్చేది ఉప్పు కాదని ఆ చేతికి ఎవరు చెప్పాలి?

దూది కీచుమని అరిచి, ఉన్నచోటనే ఎగిరిపడి, వెనక్కి తిరిగి ఇంట్లోకి పారిపోయింది. భారతి కళ్ళు గట్టిగా మూసుకుంది. అట్లా పూటకు నాలుగైదుసార్లు, అయిదు రోజులు. ఆరో రోజుకు నొక్కాల్సిన పనే లేకపోయింది. అంజినప్ప గేటు బయట నిలబడి పేరు పిలిస్తే చాలు, దూది వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి పరుగు. పది రోజులకు బెల్టు తీసేశారు. గేటు తెరిచి ఉన్నా కుక్క దాటడం లేదు. వీధివాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. అంతవరకు అంజినప్పా అని పిలిచే భారతి కూడా ఆ రోజు మాస్టరూ అంది.

వారం తర్వాత ఆమే క్లినిక్కుకు వచ్చి ఒక మాట చెప్పింది.

"గేటు దాటడం లేదు గానీ మాస్టరూ, ఇంట్లో గూడ నేను పిలిస్తే రావడం లేదు. పిలవంగానే మంచం కిందికి దూరుతాంది. ఒకసారి అయితే ఉన్నచోటే ఉచ్చ పోసేసినాది."

"అలిగిందమ్మా" అన్నాడు అంజినప్ప. "నాలుగు దినాలు పోతే సరిపోతాది."

అది అబద్ధం కాదు. ఆయన నిజంగానే అట్లా అనుకున్నాడు. కాకపోతే ఆ మాట అనేటప్పుడు ఆయన చూపు ఆమె మీద లేదు, మాస్టరును చూసిపోదామని పుంగనూరు నుంచి వచ్చి బెంచీ మీద కూర్చున్న మనిషి మీద ఉంది.

ఆ వచ్చినాయన ముద్దుకృష్ణ. పుంగనూరులో బట్టలంగడి. ఆయనకు రాజా అనే పొట్టికాళ్ళ పొడుగుకుక్క, దానికి అంగడి మెట్లు దిగి బజారున పడి తిరగడం ఒక వ్యసనం. అంజినప్ప బెల్టును సంచిలో వేసుకుని ఆదివారాలు పుంగనూరు బస్సెక్కాడు. ముద్దుకృష్ణ మాట మీద కుప్పంలో అమరావతమ్మ కబురు చేసింది. ఆమె హైస్కూల్లో సైన్సు చెప్పే టీచరు, ఇల్లు రైలుకట్ట పక్కన, ఆమె జిమ్మికి రైలంటే ప్రాణం. రెండు చోట్లా అదే పాఠం: ఎదురుగా నిలబడటం, పేరు పిలవడం, నొక్కడం. రెండు చోట్లా వారం తిరిగేసరికి కుక్క కట్టుబడింది. కాఫీ ఇచ్చి, కుర్చీ వేసి, బస్సు దాకా వచ్చి సాగనంపారు. నాగమ్మ కొత్త చొక్కా కుట్టించింది. అంజినప్పకు కొమ్ములు మొలిచాయని నేను అనను గానీ నడకలో కొంచెం తేడా వచ్చిన మాట నిజం.

ఆగస్టులో ఒక పూట క్లినిక్కుకు ఫోను వచ్చింది. అంజినప్ప వెళ్ళేసరికి భారతి వాకిట్లో కూర్చుని ఉంది. ఒళ్ళో తువ్వాలు. తువ్వాలులో దూది. ఇంకా వెచ్చగానే ఉంది.

"గ్యాసాయన గేటు ఎయ్యకుండా పోయినాడు" అందామె. గొంతులో ఏడుపు లేదు, అదే భయం పుట్టించింది. "అది గేటుకాడే నిలబడుండాది అంజినప్పా. దాటలేదు. ఊరికే రోడ్డు సూస్తాండాది. నేను ఈడ్నుంచి పిలిచినా. నా గొంతు వినంగానే రోడ్డు మీదికి దూకి పరిగెత్తినాది. లారీకి అడ్డంగా."

అంజినప్ప పోయి గేటు మూసి వచ్చాడు.

"లారీ కోసరం పోలేదు అది. నన్ను తప్పించుకోను పోయినాది. నాలుగేండ్లు నా పక్కలో పండుకున్న కుక్క. నా గొంతు వింటే యాల పారిపోయినాది? నాలో ఏమి సూసినాది అది?"

 ఆయన చేయగలిగింది పెరట్లో గుంత తవ్వడమే. తవ్వాడు. తువ్వాలుతో సహా ఆమే దించింది. మన్ను వేసేటప్పుడు ఒక్కసారైనా కుక్క పేరు ఎత్తుతుందేమోనని ఆయన ఎదురుచూశాడు. ఎత్తలేదు.

ఆమె ప్రశ్నకు జవాబు పుంగనూరులో దొరికింది. పై ఆదివారం రాజా ఎట్లా ఉందో చూడ్డానికి వెళ్ళాడు. ముద్దుకృష్ణ అంగడి వెనక ఖాళీ జాగాలో రాజా ఎండకు పడుకుని ఉంది. అంజినప్ప దూరం నుంచే "రాజా" అన్నాడు. కుక్క దిగ్గున లేచి ఎదుటి గోడ వైపు పరిగెత్తింది.  ఆయన మెల్లగా ఆ గోడ వైపు వెళ్ళి నిలబడి మళ్ళీ పిలిచాడు. కుక్క ఇటు వైపు పరిగెత్తింది. కుడి పక్క నుంచి పిలిస్తే ఎడమకు, ఎడమ నుంచి పిలిస్తే కుడికి. తోక కాళ్ళ మధ్య దూర్చి, చెవులు తలకు అంటుకుపోయి.

"చూసినారా" అన్నాడు ముద్దుకృష్ణ అంగట్లో గుమాస్తాలను పిలిచి. "చెయ్యి తగలకుండా, బెల్టు లేకుండా, ఉత్త గొంతుతో బొంగరం తిప్పినట్ల తిప్పుతాండాడు కుక్కని. మాస్టరంటే ఈయనప్పా."

గుమాస్తాలు చప్పట్లు కొట్టారు. అంజినప్ప ఆ జాగాలోనే ఒక రాయి మీద కూర్చుండిపోయాడు. రాజాకు అంగడి మెట్లు భయం కాలేదు, దూదికి గేటు భయం కాలేదు. వాటికి తను నేర్పింది ఒక్కటే, పేరు వినబడితే ఆ వినబడిన చోటికి దూరంగా పారిపొమ్మని. తను రోడ్డు వైపు నిలబడి పిలిచినన్నాళ్ళూ అవి ఇంట్లోకి పారిపోయాయి, అందరూ భేష్ అన్నారు. భారతి ఇంటి వైపు నుంచి పిలిచింది. దూది రోడ్డు వైపు పారిపోయింది. నేర్పిన పాఠం పొల్లు పోకుండా అప్పజెప్పింది.

ఇంటికి పోయి నాగమ్మకు అంతా చెప్పాడు. ఆమె అన్నం వడ్డిస్తూ వింది.

"లారీ కింద పడింది కుక్క. నువ్వు తోసినావా?" అంది.

"తోసినట్లే మే నాగమ్మా."

"అట్లనుకుంటే ఇంకా రెండిండ్ల కుక్కలుండాయి గదా, వాటి సంగతి సూడు. పోయినదాని మాట ఎత్తి, ఆయమ్మ గాయం గెలికి, నీ మాస్టరు పేరు పోగొట్టుకుంటే ఎవురికి లాభం?"

ఆమె మాట ఆయనకు నచ్చింది. మొదటి సగం కంటే రెండో సగమే ఎక్కువ నచ్చింది. ఇది దాచిపెట్టి ఆయన్ను మంచివాణ్ణి చేయాలని నాకు లేదు. గొర్రెలు కాసే కురబల ఇంట పుట్టిన అంజినప్పకు బడికి పోయే కొడుకొకడున్నాడు, వాడు పెద్దయితే తన నాయనను మాస్టరని చెప్పుకోవాలని ఆయన కల.

మొదట పుంగనూరు. ముద్దుకృష్ణకు జాతకాలు, అంకెలు, పేరుబలాల పిచ్చి. అంగడి బోర్డు మీద పేరే రెండుసార్లు మార్చాడు. అంజినప్ప గొంతు సవరించుకుని, రాజా అనే పేరు కుక్కకు కలిసి రావడం లేదనీ, ఆ పేరుతో ఇంక ఎవరూ పిలవకూడదనీ చెప్పాడు. ముద్దుకృష్ణ ఎగిరి గంతేసినంత పని చేశాడు. "నేను అనుకుంటానే ఉండా మాస్టరూ" అని ఆ సాయంత్రమే పంచాంగం ముందేసుకుని భైరవ అని ఖాయం చేశాడు. అంజినప్ప ప్రతి ఆదివారం వెళ్ళి కుక్కకు వీపు తిప్పి నేల మీద కూర్చునేవాడు. చిన్నగొంతుతో కొత్త పేరు చెప్పి, ఉడకేసిన గుడ్డు ముక్క వెనక్కి పెట్టేవాడు. మొదటి రెండు వారాలూ కుక్క దరిదాపులకు రాలేదు. మూడో వారం ముక్క మాయమైంది. రెండు నెలలకు చెయ్యి నాకింది. ఒక్క నిజం చెప్పకుండా, మాస్టరు పేరుకు మచ్చ పడకుండా కుక్క బాగుపడింది. ఇంత సులువా అనిపించింది అంజినప్పకు.

కుప్పంలో సులువు కాలేదు. అమరావతమ్మ జాతకం మాట విని కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"అంజినప్పా, నేను పిల్లోళ్ళకు చెప్పేది సైన్సు. జిమ్మి అనే పేరులో దోషమేముంది? ఉండే సంగతి చెప్పు."

ఆయన కాసేపు నసిగాడు. ఆ తర్వాత చెప్పేశాడు, ఉప్పు దగ్గర మొదలుపెట్టి రాజా పరుగుల దాకా. దూది సంగతి కూడా చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఇంక ఈ ఇంటి కుర్చీ, కాఫీ ఈ పూటతో సరి అనుకున్నాడు. ఆమె కోప్పడలేదు. బెల్టు ఇమ్మని చెయ్యి చాపింది. తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసింది.

"జిమ్మికి పేరు మారుద్దాం, నువ్వే వచ్చి సరిచెయ్యి" అంది. "మదనపల్లె ఆమెకు ఈ సంగతి చెప్పినావా?"

"లేదమ్మా. కుక్క పోయినాది గదా. సరిచేసేదానికి ఏముండాది ఆడ?"

"ఆమె ఉందిగా" అంది అమరావతమ్మ.

జిమ్మి మింటూ అయింది, నెలల మీద బాగుపడింది. కానీ ఆ ఒక్క మాట అంజినప్ప చెవిలో ఇల్లు కట్టుకుంది. అయినా ఆయన భారతి ఇంటికి పోలేదు. రేపు, వచ్చే వారం, పండగ పోనీ, అని ఒకటిన్నర యేడు గడిపాడు. అట్లా గడిపేవాళ్ళను మనం ఎరగకపోలేదు, అద్దంలోనే చూసుంటాం.

రెండు వేల ఆరులో ఒకరోజు కూరగాయల మార్కెట్లో భారతి కనిపించింది. ఆమె ఆయన్ను చూడలేదు. చిక్కుడుకాయలు ఏరుతోంది. ఆ కొట్టుమనిషి కుక్కపిల్ల ఒకటి వచ్చి ఆమె చెప్పులు వాసన చూసింది. భారతి చటుక్కున రెండడుగులు వెనక్కి వేసింది.

"ఏమీ సెయ్యదమ్మా, పసిది" అంది కొట్టామె.

"అది చేస్తాదని కాదు" అంది భారతి. "నా దగ్గరికి కుక్కలు రాకపోవడమే మంచిది."

అంజినప్ప చేతిలో సంచి బరువెక్కింది. ఆ రోజు ఆయన కూరగాయలు కొనలేదు. నేరుగా ఆమె ఇంటికి పోయి, ఆమె వచ్చే దాకా గేటు బయట నిలబడ్డాడు.

"ఏం మాస్టరూ, ఇంత కాలానికి" అని లోపలికి పిలిచింది భారతి. కుర్చీ చూపించింది. ఆయన కూర్చోలేదు.

"మాస్టరు అనొద్దమ్మా. నేను చెప్పేది వినండి ముందు."

చెప్పాడు. గేటు బయట తను ఎక్కడ నిలబడ్డాడో అక్కడికే పోయి నిలబడి చూపించాడు. పిలుపు ముందు, నొక్కడం వెనక. ఏ వైపు నుంచి పిలిస్తే ఆ వైపుకు దూరంగా. పుంగనూరు కుక్క గోడల మధ్య ఎట్లా పరిగెత్తిందో, దాని పేరు మార్చడానికి తను ఏ అబద్ధమాడాడో కూడా దాచలేదు. భారతి స్తంభాన్ని పట్టుకుని వింది.

"అయితే ఆ పొద్దు నేను పిలవకుండా ఉండుంటే?" అంది.

ఈ ప్రశ్న వస్తుందని ఆయన అనుకోలేదు. ఆమె గుండె బరువు దించడానికి వచ్చాడు, ఇదేమో ఇంకో బరువు ఎత్తి పెట్టేట్టుంది. ఒక అబద్ధం నాలుక చివరికి వచ్చింది. పుంగనూరులో ఆడిన వాడికి ఇక్కడ ఆడటం కష్టం కాదు.

"పిలవకుంటే గేటుకాడే నిలబడుండునమ్మా" అన్నాడు. "కానీ పిలవడం మీ తప్పు గాదు. పిలిస్తే దగ్గరికి రావాలనే లోకంలో ఎవురైనా పిలిచేది. మీరూ అట్లే పిలిచినారు. వచ్చేదాన్ని పారిపోయేటట్ల చేసింది నేను. అది మీకు భయపడలేదు. పేరుకు భయపడినాది. పేరు పలక్కుండా ఊరికే సేతులు సాపి ఉంటే మీ కాడికే వచ్చుండును."

 భారతి మెట్టు మీద కూర్చుంది.

"వచ్చేది" అంది మెల్లగా. "పిలవకపోతే వచ్చేది అంజినప్పా. ఆ చివరి రెండు నెలలూ నేను పేపరు చదువుకుంటా గమ్మున కూర్చుంటే అదే వచ్చి పాదం మీద తల పెట్టుకునేది. నేను సంతోషంతో పేరు పెట్టి పిలుస్తానా, లేచి పోయేది. ఆకలికి వస్తాండాదేమో, నా మీద ప్రేమతో కాదేమో అనుకున్నా నేను. ప్రతిసారీ పిలిచినా. ప్రతిసారీ నేనే తరిమినా."

అప్పుడు ఏడ్చింది. రెండేళ్ళుగా దాచుకున్న ఏడుపు, వీధి వినేట్టు ఏడ్చింది. అంజినప్పకు ఆమెను ఎట్లా ఊరడించాలో తెలియలేదు. కళ్ళు తుడుచుకుంటూ గేటు వైపు చూపిస్తుందని, పొమ్మంటుందని అనుకున్నాడు. అందుకు సిద్ధపడే వచ్చాడు.

"ఇన్నాళ్ళూ యాల సెప్పలేదు?" అందామె.

"మాస్టరనే మాట పోతాదని."

ఆమె ఆయన వైపు చూసింది. కోపం ఉంది ఆ చూపులో, న్యాయమైన కోపం.

"నిన్ను తిట్టాల. ఇంకో పొద్దు తిడతా. ఈ పొద్దు కూర్చో అంజినప్పా. దాన్ని గురించి మాట్లాడేదానికి నాకు ఇంకెవురుండారు?"

ఆయన కింది మెట్టు మీద కూర్చున్నాడు. ఆమె మొదలుపెట్టింది. అరచేతిలో పట్టేంత పిల్లగా దూది వచ్చిన రోజు, దూది మొదటిసారి మెట్లు దిగలేక ఏడ్చిన రోజు, దూది ఆమె తెల్లచీర కొంగు కొరికేస్తే ఆ చీరతోనే డ్యూటీకి పోయిన రోజు. రెండేళ్ళు ఆ ఇంట్లో వినబడని పేరు ఆ మధ్యాహ్నం లెక్కలేనన్నిసార్లు వినబడింది. వినబడిన ప్రతిసారీ అంజినప్ప ఒళ్ళు ముడుచుకుపోయేది. అయినా ఆయన లేచి పోలేదు.